దేముడమ్మ షెడ్డులో నాటకాల బస్సు

సాలూరులో ఘాటీ కొండదారి ఎక్కబోయే లారీ డ్రైవర్లకి దేముడమ్మ చేతి కూడు తెలియనిది కాదు. రోడ్డు పక్కనే ఆమె భోజనాల పాక. దాని వెనక మూడు వైపులా ఇటుక గోడలు, పైన రేకులు వేసిన షెడ్డు. మొగుడు లక్ష్ముడు బతికుండగా సొంత లారీ కోసం కట్టుకున్నాడు. ఒక్క బండి ఒదిగేంత చోటు, అంతే. ఇప్పుడందులో వంటచెరకు తప్ప మరేమీ లేదు.

లక్ష్ముడు పోయింది ఆ షెడ్డులోనే. వానలో తమ్ముడు సోములు లారీని వెనక్కి తెస్తూంటే, లోపల వెనక గోడ దగ్గర నిలబడి దారి చెబుతూ, గోడకీ బండికీ మధ్య నలిగిపోయాడు. "అన్న ఆపమన్న మాట నాకినబడలేదు వదినా" అని సోములు బురదలో పడి ఏడ్చాడు. వాడు తాగి ఉన్నాడని వీధిలో ఎవరో అన్నారు. దేముడమ్మ అవునా కాదా అని మరిదిని అడగలేదు. అడగకుండానే నాలుగేళ్లు కంచంలో అన్నం పెట్టి, అతని మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయేది. సోములు లారీ నడపడం మానలేదు గానీ, బండి వెనక్కి తియ్యవలసి వస్తే దిగిపోయి ఇంకెవరికో స్టీరింగు అప్పగించేవాడు.

అరవయ్యెనిమిదిలో, కార్తీకమాసంలో వాయుగుండం పట్టుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికి పాక కప్పు సగం లేచిపోయింది. దేముడమ్మ సామాను మూటకట్టుకుంటూంటే ఒక ముసలాయన విరిగిన గొడుగు కర్ర పట్టుకుని వచ్చాడు. సంత మైదానంలో దిగిన నాటకాల కంపెనీ యజమాని, గంగరాజు.

"అమ్మా, మీ షెడ్డు కావాలి. మా బస్సు నిలబడేలాగ లేదు."

ఆ బస్సును ఊరంతా చూసింది. సీట్లు పీకేసి పడకలు, పొయ్యి, దేవుడి పటాలు అమర్చుకున్నారు. అది చాలక వెనక చక్రాల అవతలికి చెక్కలతో ఒక గది పొడిగించారు. పదిమంది కాపురం అందులోనే.

"బస్సుకేటి, మనుసులు ముందు ఎవరింటికైనా పోవాల" అంది దేముడమ్మ.

"మేమంతా ఏ అరుగు మీదో ఉంటాం. నా కోడలు కన్యాకుమారికి పురుడొచ్చి తొమ్మిదో రోజు. పురిటి మనిషిని ఎవరూ గడప తొక్కనివ్వడం లేదమ్మా. పిల్లతో బస్సులోనే ఉంది. ఆ బస్సేమో ఒక పక్కకి ఒరుగుతోంది."

దేముడమ్మ ఆకాశం కనబడుతున్న తన పాక వంక చూసింది. వెళ్లి షెడ్డులోని కట్టెలు బయటికి విసరడం మొదలుపెట్టింది.

గంగరాజు బస్సును తెచ్చాడు. ముందు వైపు నించి దూర్చితే వెనక చెక్కల గది గాలికి ఎదురు నిలుస్తుంది, కనక వెనక్కే దూర్చాలి. ఆయన చూపు మందం. మొదటిసారే వెనక మూల గోడకి తగిలి రెండు చెక్కలు విరిగాయి. లోపల పసిపిల్ల కేరుమంది. రెండోసారి టాపు మీది పెట్టెలు రేకుల కింది దూలానికి తగిలాయి. పెట్టెలు దించారు. ఇంకా రెండు వేళ్ల ఎత్తు అడ్డం. "జనం ఎక్కితే బరువుకి చక్రాల మీది కమానులు అణిగి బస్సు కిందికి దిగుతుంది" అన్నారెవరో. కంపెనీవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు అందరూ బస్సెక్కి కూర్చున్నారు. ఇప్పుడు తేడా వస్తే అందరికీ వస్తుంది.

గంగరాజు స్టీరింగు వదిలి దిగిపోయాడు. డ్రైవర్లందరూ ఘాటీ అవతల చిక్కుబడిపోయారు. వానలో తడుస్తూ ఉన్న డ్రైవరు సోములొక్కడే.

"ఒరే సోములూ, ఎక్కు" అంది దేముడమ్మ.

"నా వల్ల కాదు వదినా."

"ఇంకెవులున్నారు మరి?"

"ఎనకాల మూలలు నాకు కనపడవు. లోపల ఎవులో నిలబడి సెప్పాల. అక్కడ ఎవుల్నీ నిలబెట్టను నాను."

"నాను నిలబడతాను."

సోములు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత బస్సెక్కాడు.

దేముడమ్మ షెడ్డు లోపలికి నడిచి వెనక గోడకి వీపు ఆనించి నిలబడింది. గోడ చల్లగా తగిలింది. బస్సు షెడ్డు నోటిని పూర్తిగా మూసేసి చీకటి చేసింది. రెండు పక్కలా జానెడేసి సందు. ఇక ఆమె బయటికి పోవడానికి దారి లేదు.

"రా... ఎడంపక్కకి కొంచెం... రా" అని అరుస్తోంది. బస్సు అంగుళం అంగుళంగా వస్తోంది. మధ్యలో గాలి తిరిగి వాన ఒక్కసారిగా రేకుల మీద విరుచుకుపడింది. బస్సు ఆమెకి రెండు బారల దూరంలోకి వచ్చింది. కుడి మూల గోడ వైపు లాగుతోంది.

"ఆపు" అని అరిచింది. బస్సు ఆగలేదు.

"ఒరే ఆపు, సోములూ ఆపు." గొంతు చించుకుని అరిచింది. రేకుల హోరులో తన మాట తన చెవికే అందలేదు. బస్సు వస్తూనే ఉంది. అప్పుడామెకి గుండెల్లో కత్తి దిగినట్టయింది. ఆ రోజు లక్ష్ముడు అరిచే ఉంటాడు. ఇలాగే, ఇక్కడే. సోములుకి వినబడలేదు. వాడు చెప్పింది నిజం.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ముందుకు దూకి, రెండు పిడికిళ్లతో చెక్కగోడని దబదబా బాదింది. గోళ్లు చిట్లాయి. లోపల ఆ చెక్క పక్కనే పడుకున్న కన్యాకుమారికి ఆ దెబ్బలు తెలిశాయి. పిల్లని వదిలి లేచి, "ఆపమంతంది, ఆపండి" అని కేక వేసింది. ఆ మాట ఒకరి నోటినించి ఒకరికి అంది డ్రైవరు సీటు దాకా పోయింది.

బస్సు ఆగింది. దేముడమ్మ పొట్టకీ చెక్కలకీ మధ్య మూరెడు చోటు మిగిలింది.

వెనక కిటికీ తెరిచి కన్యాకుమారి చెయ్యి చాచింది. "ఇక్కణ్ణించి సెప్పండమ్మా, నాను అందిస్తాను."

ఆ తర్వాత దేముడమ్మ కిటికీలోకి చెప్పడం, కన్యాకుమారి కేక వెయ్యడం. కొంచెం ముందుకి, మళ్లీ వెనక్కి. ముందు చక్రాలు కూడా రేకుల కిందికి వచ్చేసరికి అందరూ పట్టి దేముడమ్మని కిటికీలోంచి లోపలికి లాక్కున్నారు. చీర చిరిగింది, మోకాలు చెక్కుకుపోయింది.

ఆమె జనాన్ని తోసుకుంటూ సోములు దగ్గరికి వెళ్లింది. అతను స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు.

"దెబ్బ తగిలినాదేటి వదినా?" తల ఎత్తకుండానే అడిగాడు.

"నేదు." ఆమె సీటు పట్టుకుని అతని మీదికి వంగింది. "అక్కడ్నించి అరిస్తే ఎవులికీ ఇనబడదురా. ఇయ్యాల తెలిసినాది నాకు."

సోములు భుజాలు కదిలిపోయాయి. ఆమె అతని తడితలమీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

గాలి మూడో రోజుకి తగ్గింది. షెడ్డు రేకులు నాలుగు పోయాయి గాని గోడలు నిలిచాయి. తల్లికీ పిల్లకీ పురిటిస్నానం ఆ బస్సు పక్కనే జరిగింది. కంపెనీ పార్వతీపురం రోడ్డు పట్టాక, దేముడమ్మ తాపీమేస్త్రిని పిలిచి షెడ్డు వెనక గోడని మనిషి పట్టేంత కొట్టించి తలుపు పెట్టించింది. గొళ్లెం పెట్టలేదు. ఎందుకని మేస్త్రి అడిగితే, "ఎప్పుడు తోసినా తెరుసుకోవాల" అంది.