96,99,691ని పగలగొట్టిన వేసవి

మొన్న ఆఫీసులో సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే చిన్న ప్రోగ్రామ్ రాసి, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని ఏదో ఒక పెద్ద సంఖ్య ఇవ్వబోతే, వేళ్లు వాటంతటవే 96,99,691 అని కొట్టాయి. కన్నుమూసి తెరిచేలోగా 347 ఇంటూ 27,953 అని జవాబు వచ్చింది. సరైన జవాబే. అయినా ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది, ఎందుకంటే అదే సంఖ్యకు మా ఇంట్లో ఒక వేసవిలో చాలా భాగం పట్టింది.

శ్రీరాంపూర్ బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ ఎండల గురించీ, ఆరేసిన బట్టల మీద వాలే బొగ్గు నుసి గురించీ చెప్పనక్కర్లేదు. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. ఆ ఏడు బాయిలో, అంటే బొగ్గుగనిలో, పైబండ కూలి బాపు కాలు విరిగింది. పక్కనే పనిచేస్తున్న ఆయన జోడీదారు ప్రాణాలతో దక్కలేదు. కాలు అతుక్కుంటుందని డాక్టర్లు చెప్పారు గాని, బాపు మాట్లాడడమే మానేశాడు. పిలిస్తే చూసేవాడు, పెడితే రెండు ముద్దలు తినేవాడు, మళ్లీ గోడవైపు తిరిగేవాడు. చుట్టాలు ఓదార్చి ఓదార్చి అలిసిపోయారు. మనిషి ఇలాగే మిగిలిపోతాడేమోనని అవ్వ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేది.

అక్క అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ప్రధాన సంఖ్యలను, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోనివాటిని, రెండు నుంచి వరుసగా గుణించి ఒకటి కలిపితే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుందని తనకు గట్టి నమ్మకం. 7, 31, 211 అని చిన్నవాటితో చూసుకొని, 59తో భాగం పోయే 30,031 దగ్గరే ఆ నియమం కూలుతుందని తెలియక, ఒకేసారి పందొమ్మిది దాకా గుణించి 96,99,691 తయారుచేసింది. పందొమ్మిది దాకా ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా దానికి శేషం ఒకటే, కాబట్టి ఇరవైమూడు నుంచే మొదలుపెట్టాలి. పలక మీద అది రాసి, బాపు మంచం మీద పెట్టి, "బాపూ, గిది ఎవ్వలతోని పగలది. నీతోని గూడ కాదు" అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి పలక మీద ఇరవైమూడో ఎక్కం ఉంది, బాపు దస్తూరీలో.

మర్నాటి నుంచి అక్క తర్వాతి ప్రధాన సంఖ్య చెప్పేది, బాపు భాగించేవాడు, నేను గుణించి సరిచూసేవాణ్ణి. శేషం మిగిలినప్పుడల్లా అక్క ఎగతాళి చేసేది: "ఇగ ఓడినవని ఒప్పుకో బాపూ!"

"నీ సంఖ్యకు గంత పొగరా? ఇంకోటి చెప్పు" అని ఒకనాడు ఆయన అనడమే, ఎన్నో రోజుల తర్వాత మేం విన్న మొదటి పూర్తి మాట. అవ్వ కంచం పట్టుకొని వచ్చి, "లెక్క ఏడికి పోదు, జర బువ్వ తిను" అంటే, పలక మీది చూపు తీయకుండానే తినేశాడు.

347 దగ్గర శేషం సున్నా వచ్చింది. నమ్మలేక మళ్లీ గుణించి చూశాను. "పగిలిందిరా!" అని బాపు అరిచిన అరుపుకు పక్క క్వార్టర్‌వాళ్లు తొంగిచూశారు. ఓడిన అక్క చప్పట్లు కొట్టింది. నవ్వుతూ నవ్వుతూనే బాపు ఏడ్చాడు. ఏడుస్తూనే, తన జోడీదారు బాయిలో అందరినీ ఎట్లా నవ్వించేవాడో, ఆ బండ కూలేముందు ఏ మాట సగంలో ఆపాడో మొదటిసారి మాకు చెప్పాడు.

ఇప్పుడు మాలో ఎవరికి మనసు బాగోలేకపోయినా ఫోన్ చేసి ఏమైందని అడుగుతాం, ఏం లేదంటారు, సరేనని పెట్టేస్తాం. అడగకుండా, ఓదార్చకుండా, ఒక మనిషి మళ్లీ మనవైపు తిరిగేదాకా రోజుల తరబడి అతని పక్కన కూర్చునే తీరిక ఆ వేసవిలో మాకు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఇప్పుడు వెతుక్కున్నా దొరకడం లేదు.