మాకు వేయని పోగు

పోయిన ఆదివారం మా తోడల్లుడు భోజనానికి పిలిచాడు. వెళ్ళకపోతే అన్నయ్యకి, అంటే నాకు, ఇంకా కోపం తగ్గలేదంటాడు, వెళితే తగ్గిపోయిందనుకుంటాడు. రెండూ నాకిష్టం లేదు. అయినా ఒక్కణ్ణీ కూర్చుని పెరుగన్నం తినడం విసుగు పుట్టి వెళ్ళాను. వెళ్ళగానే ఆయన బీరువా అంత ఫ్రీజర్ తలుపు తీసి, గాలి లాగేసి అట్టముక్కల్లా బిగించిన మాంసం పొట్లాలు వరసగా చూపించి, "పూర్తిగా గ్రాస్‌ఫెడ్ అన్నయ్యా, గింజ కూడా ముట్టనివ్వరు. ఈ వయసులో మనం తినాల్సింది ఇదే" అన్నాడు. గడ్డి మేసిన మేక గురించి నాకు చెబుతున్నాడు! ఆ చల్లగాలి మొహానికి కొడుతుంటే పాత శనివారాలు గుర్తొచ్చాయి, ఆయన హాయిగా మరిచిపోయిన శనివారంతో సహా.

మేం ప్లెయిన్స్‌బరోలో కాపురం పెట్టిన తొలిరోజుల్లో, ఒకే అపార్ట్‌మెంట్ల గుంపులో ఉండే నాలుగు కుటుంబాలం, తోడల్లుడి వాళ్ళతో సహా, కలిసి నెలకో శనివారం డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో ఒక మేకల ఫారానికి వెళ్ళేవాళ్ళం. దుకాణంలో దొరికే గడ్డకట్టిన మాంసం ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు, ఎంత అల్లం దట్టించినా దాని పాచివాసన పోయేది కాదు. ఫారంలో అయితే మేకలు కొండవాలున పచ్చిక కొరుకుతూ కళ్ళెదురుగానే ఉండేవి. మా ఆవిడ దాన్ని మేత మేక అనేది. కొవ్వు తీసేసి, నూనె పొదుపుగా వేసి, ఒకసారి గోంగూరతోనో మరోసారి తోటకూరతోనో కలిపి వండేది. గ్రాస్‌ఫెడ్ అన్న మాట మాకెవరికీ రాదు గానీ, ఆ కూర తిన్న రాత్రి కడుపు ఎంత తేలిగ్గా ఉండేదో మీలో ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

తెచ్చిన మాంసాన్ని మా ఇంట్లోనే నేల మీద ప్లాస్టిక్ షీట్ పరిచి పోగులు వేసేవాళ్ళం. మెత్తనిది, ఎముక, కార్జం, అన్నిట్లోంచీ కొంచెం కొంచెం తీసి సమానంగా కుప్పలు పెట్టడం మన ఊళ్ళలో చూసిందే. కాళ్ళు నాలుగు, కుటుంబాలూ నాలుగే అయినా, ఒంటి కాలితో ఎవరు మాత్రం ఏం పులుసు కాస్తారని, వాటికి నెలకో కుటుంబం చొప్పున వంతులు పెట్టుకున్నాం. ఆ రోజు రాలేనివాళ్ళ పోగు అందరికంటే ముందు తీసి పక్కన పెట్టాలన్నది మా ఆవిడ పెట్టిన పద్ధతి. ఉన్నవాళ్ళు నోరు తెరిచి అడుగుతారు, లేనివాళ్ళ తరఫున అడిగేదెవరు అనేది. మా మరదలు, అంటే ఈ తోడల్లుడి భార్య, పురిటికి ఆసుపత్రిలో ఉన్న నెలలో కార్జమంతా మా ఆవిడ వాళ్ళ పోగులోనే వేసింది. ఆ తరవాత వాళ్ళు ఇల్లు కొనుక్కున్నప్పుడు గృహప్రవేశంలో నన్ను పేరు పెట్టి పరిచయం చెయ్యకుండా "మా మిసెస్ వాళ్ళ సైడు" అని చెప్పి దాటేసింది ఈ పెద్దమనిషే. సరే, అది వేరే గొడవ.

కొన్నేళ్ళకి మా ఆవిడకి కడుపులో గడ్డ అని తేలి కీమో మొదలుపెట్టారు. నోరంతా ఇనుము నాకినట్టుందనేది. పోపు వాసనకి వాంతి, పాల వాసనకి వాంతి. ఏది లోపలికి పోతే అది పెట్టండి, బలం ముఖ్యం అని డాక్టరు చెప్పాడు, కానీ ఏదీ పోయేది కాదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం తనంతట తానే, మిరియాలు ఎక్కువ వేసి కాళ్ళ పులుసు కాస్తే తాగుతానేమో అంది. ఎన్నాళ్ళకో ఆవిడ నోటివెంట తిండి మాట వచ్చింది. ఆ నెల కాళ్ళ వంతు మాదే. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి కదలలేను కనక తోడల్లుడికి ఫోన్ చేసి, ఈసారి నేను రాలేను, మా వంతు సంగతి చూడు అన్నాను. సరే అన్నయ్యా అన్నాడు. ఇందులో అర్థం కానిదేముందో నాకిప్పటికీ తెలియదు.

శనివారం సాయంత్రం మిరియాలూ ధనియాలూ వేయించి దంచి ఉంచాను. ఆవిడ సోఫాలో దిండ్లకి ఆనుకుని, కిటికీలోంచి కార్లు ఆగే చోటు చూస్తూ కూర్చుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక సంచీడు యాపిల్ పళ్ళూ బార్లీ పొట్లమూ పట్టుకుని పైకి వచ్చారు.

"అక్కకి వాసన పడటం లేదు కదా బావగారూ, అందుకని ఈసారి మీకు పోగు వెయ్యలేదు" అంది మరదలు.

"ఇంటర్నెట్‌లో చదివానన్నయ్యా, ఈ జబ్బుకి మాంసం విషమే" అన్నాడు ఆయన.

మరి కాళ్ళేవని అడిగాను.

"అవి కాల్చి గీకే ఓపిక ఎవరికుంది? ఫారంలోనే పారెయ్యమన్నాం" అన్నాడు ఆయనే.

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ సోఫాలోంచి నవ్వుతూ, "పోనీలే, బార్లీ కూడా మంచిదే" అంది. ఆవిడ అలా వదిలేసింది కాబట్టే నేను పట్టుకోవాల్సి వచ్చింది. లేకపోతే అది జరగనట్టే అయిపోయేది.

మర్నాడు ఫారం తెరవరు. ఊళ్ళోని దుకాణానికి వెళ్ళి గడ్డకట్టిన కాళ్ళు తెచ్చి, కాల్చి, గీకి, కుక్కర్లో మెత్తగా ఉడికించి పులుసు కాచాను. ఆవిడ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. ఆ పాచివాసన తగిలినట్టుంది, కళ్ళు మూసుకుని మింగింది. బాగుంది, తరవాత తాగుతాను అని నాకందించింది. తాగలేదు. ఆ తరవాత ఫలానాది కావాలని ఆవిడ ఏదీ అడగలేదు. ఫారానికి మళ్ళీ వెళ్ళే నెల వచ్చేసరికి ఆవిడ లేదు.

ఆ రోజుల్లో మా తోడల్లుడు సెలవు పెట్టి పరిగెత్తాడు, అన్ని పనులూ నెత్తినేసుకున్నాడు, నాకంటే పెద్దగా ఏడ్చాడు. మంచివాడంటారు అందరూ. నేనూ కాదనలేదు.

ఆదివారం సంగతికి వస్తే, కూర బాగానే ఉంది. మాంసం చేసిన తప్పేముంది, తిన్నాను. తింటూ తింటూ, ఈ మాంసం పంపేవాళ్ళ దగ్గర కాళ్ళు దొరుకుతాయా అని అడిగాను, ఆయన మొహం వంకే చూస్తూ. ఆయన ఉత్సాహంగా ఫోన్ తీశాడు.

"దొరక్కేం, శుభ్రం చేసి మరీ పంపుతారు. ఆ పులుసు మోకాళ్ళకి దివ్యంగా పనిచేస్తుందట అన్నయ్యా. మీకూ ఆర్డర్ పెట్టేస్తున్నా!"

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. మరదలు మాత్రం గరిటె పట్టుకుని గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

వద్దన్నా వినకుండా పెట్టాడు. వారం మధ్యలో గుమ్మం ముందు దిగాయి. ఇప్పుడు నది దాటక్కర్లేదు, కాల్చక్కర్లేదు, వంతు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు. పారెయ్యడానికి చేతులు రాక కాచుకుని రెండు పూటలా తాగాను. ఏ వాసనా లేదు, కమ్మగా ఉంది. నాకు జబ్బేమీ లేదు, మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి.