ఎడారికి టేకు బండి

ఆ రోజుల్లో మా లాలాగూడ వాళ్లకు దూరమంటే మైళ్లు కాదు, స్టేషన్లు. ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే ఎన్నో స్టేషనో చెప్పేవాళ్లం. వర్క్‌షాపు కూతకు నిద్ర లేచి, కూతకు అన్నం తిని, కూతకు ఇల్లు చేరే మనుషులం. పట్టాలు లేని చోట కూడా లోకం ఉంటుందని తెలుసుగానీ, దానితో మాకెప్పుడూ పని పడలేదు. పైగా అంతకుముందు ఏడాదంతా సందు చివరి దాకా పోవాలన్నా భయమే. తలుపులు బిగించుకుని, పుకార్లు వింటూ, రోజూ పప్పు తింటూ గడిపాం. పోలీస్ యాక్షన్ అయిపోయి ఊరు కుదుటపడగానే అందరికీ ఒక్కసారిగా ఎక్కడికైనా పోవాలనిపించింది. కొందరు తీర్థయాత్రలకు పోయారు, కొందరు అత్తగారిళ్లకు పోయారు. మేము మాత్రం ఎడారికి పోదామనుకున్నాం. నాకప్పుడు ఇరవై ఏళ్లు. వర్క్‌షాపు టైం ఆఫీసులో కొత్త గుమాస్తాని. నాకు తెలియని విషయం లోకంలో లేదని గట్టి నమ్మకంతో ఉండేవాణ్ణి.

ఎడారి కోరిక మా పెద్దబాపుది, అంటే నాన్నకు అన్న. రైలు బోగీలకు నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మిస్త్రీ, ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. మిలటరీతో వచ్చి కార్ఖానా దగ్గర మకాం వేసిన ఒక మార్వాడ్ హవల్దారు, కట్టెపెట్టె చేయించుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చాడు. మీ దిక్కు ఏ కట్టె వాడతారని మాటల్లో అడిగాడు పెద్దబాపు. "మా దగ్గర కట్టె ఎక్కడిది మిస్త్రీజీ? చెట్టే ఉండదు. చూపు ఆనినంత మేర ఇసుకే" అన్నాడు హవల్దారు తన హిందీలో, ఇంటి మీద బెంగతో. చిత్రిక పడుతున్న పెద్దబాపు చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఒక్క చెట్టు సుత లేదంట" అన్నాడు.

"లేకుంటె ఏందీ?" అంది పెద్దమ్మ.

"ఏందంటె ఏం చెప్పాలె. చెట్టును చూస్తె నాకు చెట్టు కనవడ్తలేదు, ఎన్ని పలకలొస్తయో కనవడ్తున్నది. యాపచెట్టు కింద పండుకుంటె నిద్ర రాదు, లెక్క షురూ అయితది. కండ్లకు జెర ఆరాం కావాలె. కాళ్లు ఆడంగనే ఒక్కపారి ఆ జాగ చూసొస్త."

ఆయన పండక్కి కొత్త ధోవతి కూడా నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. నవ్వబోయిన వాళ్లం ఆగిపోయాం. ఈ ఒక్క కోరికా తీరాల్సిందేనని నేను ఆ కంచం ముందే ఒట్టు పెట్టుకున్నాను.

రైల్లో పోవచ్చు కదా అంటారేమో. హవల్దారు ఊరికి రైలు లేదు. ఆఖరి స్టేషన్లో దిగి రెండు రోజులు ఒంటె మీద పోవాలట. "నేను ఒంటె ఎక్క" అని పెద్దమ్మ తేల్చేసింది (ఒంటె మాత్రం ఒప్పుకోవద్దా అని పెద్దబాపు గొణిగాడు, ఆమెకు వినపడకుండా). సరిగ్గా అప్పుడే మిలటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న పాత అంబులెన్సు వ్యాను ఒకటి మా చేతికొచ్చింది. ఇంజను భేషుగ్గా ఉందని హామీ ఇచ్చింది మా పక్కింటి డ్రాయింగు మాస్టారు. ఆయన గుంటూరు వైపు క్రైస్తవులు, మిషన్ బళ్లో పని చేసేవారు. ఒకప్పుడు అక్కడి దొరసాని గారి కారు నడిపిన అనుభవం ఉంది గనుక మా డ్రైవరు కూడా ఆయనే. "అందులోనే వండుకోవచ్చు, అందులోనే పడుకోవచ్చు. బైబిల్లో ఇశ్రాయేలీయులకు ఈ సదుపాయం లేకే ఎడారి దాటడానికి నలభై ఏళ్లు పట్టిందండీ" అన్నారు.

ప్రయాణం ప్లాను బాధ్యత నాది. రైల్వే గైడు ముందేసుకుని వారం రోజులు కష్టపడి టైంటేబుల్ తయారు చేశాను. నాగపూర్ రాక ఆరు పది, పోక ఆరు ఇరవై ఐదు, నీళ్లు పట్టడానికి పదిహేను నిమిషాలు హాల్టు. మాస్టారు దాన్ని శ్రద్ధగా చదివి, "మధ్యలో గేదెల మంద అడ్డొస్తే ఈ పదిహేను నిమిషాలు ఎక్కడినుంచి తెద్దాం బాబూ?" అని అడిగారు. నేను ఎర్రపెన్సిలు తీసుకుని 'గేదెలు: ఇరవై నిమిషాలు' అని కూడా రాశాను.

బండి లోపలి పని మా వాకిట్లో షురూ అయింది. సాయంత్రం కూత పడగానే వర్క్‌షాపు మనుషులు ఇళ్లకు పోకుండా మా ఇంటికి వచ్చేవాళ్లు. కాలం చెల్లిన బోగీల టేకు వేలంలో తెచ్చి, పెద్దబాపు నాలుగు బెర్తులు కట్టాడు. ఒక్క మేకు లేదు, కట్టెలో కట్టె దిగేసి బిగించిన పని. పైకప్పుకు టేకు, గోడలకు టేకు, కిటికీలకు జారుడు రెక్కలు. ఇంకొకాయన బండి నెత్తిన ఇనుప నీళ్లట్యాంకు బిగించాడు. పెయింటరు నంబరు వేసి థర్డు క్లాసు అని రాస్తే, పెద్దమ్మ కోప్పడి సెకండు క్లాసు రాయించుకుంది. బరువు ఎక్కువవుతోందేమోనని మాస్టారు ఒకసారి సందేహపడ్డారు. "బరువుంటెనే బండి కుదురుగ నడుస్తది సారూ. అల్కగుంటె ఎగిరెగిరి పడ్తది" అన్నాడు పెద్దబాపు. అక్కడున్న పదిమందీ తలలూపారు. మా ఇళ్లలో బరువు సంగతి ఎవరూ ఆలోచించరు. అది ముందున్న ఇంజను చూసుకునే పని.

బయలుదేరే రోజు పొద్దున సందంతా వచ్చింది. మాస్టారు ప్రార్థన చేశారు, పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టింది, నేను గడియారం చూసి పచ్చజెండా ఊపి ఎక్కాను. బండి కదిలింది. బెర్తు మీద కిటికీ పక్కన కూర్చున్న పెద్దబాపు ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. చదును రోడ్డు మీద గంభీరంగానే నడిచింది. బోయిన్‌పల్లి ముందు చిన్న ఎత్తు ఒకటి వచ్చింది. ఇప్పుడైతే ఎత్తని కూడా అనరు. సగం ఎక్కి, మూలిగి, ఆగింది. అందరం దిగి తోశాం. వెనక్కి జారింది. కిందికి వంగి చూస్తే, చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు వంపు పోయి సాపుగా అతుక్కుపోయి ఉన్నాయి. కూరగాయల బండ్ల వాళ్లు మమ్మల్ని దాటిపోతూ, "ఏం సారూ, రైలు పట్టాలు తప్పిందా?" అని పలకరించారు.

మాస్టారు చెమట తుడుచుకుని, "లోపలి కట్టెలో సగం తీసేస్తే పోతుందండీ. కింద పడుకుందాం, ఏం పోయింది" అన్నారు. తీయడమంటే కోయడమే, అది ఊడి వచ్చే పని కాదు. నేనే పరుగెత్తి పనిముట్ల సంచిలోంచి రంపం తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టాను. ఆయన లోపలికెక్కి రంపాన్ని బెర్తు అంచున ఆనించాడు. బొటనవేలితో ఆ అతుకును ఒకసారి తడిమాడు. రంపం పక్కన పెట్టేశాడు.

"చాతనైతలేదు రా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కట్టెతోని పరేషానయిన అన్నవు గద. ఒక్క బల్ల కోయనీకి మనసొస్తలేదా? నీకు కట్టె ఎక్కువా, ఎడారి ఎక్కువా?" అని అందరి ముందూ అడిగేశాను.

ఆయన నొచ్చుకోలేదు. ఆలోచించి, "ఎడారే ఎక్కువ అనుకున్న రా, ఇప్పటిదాంక" అన్నాడు.

పెద్దమ్మ సద్దిమూట విప్పి అందరికీ పులిహోర పెట్టింది. తర్వాత బండి తిప్పమంది. టైంటేబుల్ ప్రకారం మేము అప్పటికి మేడ్చల్ దాటి ఉండాలి.

ఇంటికొచ్చి ఒక నెల ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు నేను. పోలేకపోయింది ఆయన, అలిగింది నేను. రిటైరయ్యాక ఆయన వాకిట్లోని ఆ బండిలోనే మధ్యాహ్నాలు పడుకునేవాడు, నిద్ర పట్టేదో లేదో అడగలేదు. ఎడారి మాట మళ్లీ ఎత్తలేదు. అట్లాగే పోయాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆఫీసు పని మీద నేను ఆ దిక్కు వెళ్లాను. పని కట్టుకుని జీపు మాట్లాడుకుని హవల్దారు చెప్పిన ప్రాంతానికి పోయాను. ఇసుక తిన్నెలు కనపడగానే జీపు ఆపించి దిగాను. ఇదా పెద్దబాపు అడిగిన చోటు అనుకుంటూ, ఎండకు ఆగలేక నీడన కూలబడి కళ్లు తుడుచుకున్నాను. కాస్త తేరుకున్నాక, ఈ నీడ ఎక్కడిదని తోచింది. తలెత్తితే చెట్టు. అవతల ఇంకొకటి. చేనుకు నాలుగేసి, ముళ్ల చెట్లు, వాటి కింద మేకలు. మా తాతల నాటినుంచీ ఉన్నాయన్నాడు జీపు డ్రైవరు. హవల్దారు బెంగలో మరిచాడో, గొప్పకు చెప్పాడో మరి.

పెద్దబాపు ప్రాణంలాంటి పనిని రెండు ముక్కలు కోసుకుని, నాలుగు రోజులు ఎగిరెగిరి పడుతూ వచ్చి, ఈ చెట్టు ముందు దిగి ఉంటే ఏమయ్యేదా అని ఆలోచిస్తే నవ్వు వచ్చింది, నవ్వులోనే మళ్లీ ఏడుపు వచ్చింది. ఆ ఎత్తు మీద ఆయన రంపం పక్కన పెట్టినందుకు మొదటిసారి సంతోషించాను. పచ్చజెండా ఊపిన ఆ గుమాస్తా కుర్రాడు ఎదురుపడితే చెవి మెలేసి, ఆ నీడలో కాసేపు నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి.