పక్కింటామె కోసం అడిగిన ప్రశ్న

సాయంత్రం ఐదు గంటలప్పుడు నల్లబండపల్లెలో పిల్లలు ఏడిస్తే తల్లులు ముందు నోరు మూయించి, తర్వాత ఎందుకేడ్చావని అడుగుతారు. ఆ వేళకు రేడియోలో 'అడగండి, చెబుతాం' మొదలవుతుంది. సోమవారం వ్యవసాయం సారు, బుధవారం పశువుల డాక్టరు, గురువారం పేపర్లో పడిన సంగతులన్నీ విడమరిచి చెప్పే రిటైరైన లెక్చరరు, శుక్రవారం డాక్టర్ ఇంద్రాణి. ఎవరు కూర్చున్నా సరే, వారానికి ఒక్కసారైనా ఒక గొంతు ఖంగుమని వినబడుతుంది. "సార్, నా పేరు తిమ్మక్క. కుందుర్పి మండలం నల్లబండపల్లె. ఈ ప్రశ్న నాది గాదు సార్..." అంతే, ఈసారి ప్రశ్న ఎవరిదా అని ఊరంతా చెవులు రిక్కిస్తుంది.

తిమ్మక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మొగుడు పోయి పదేళ్లయింది. ఒక్కగానొక్క కూతుర్ని సోమందేపల్లెలో ఇచ్చింది. చదివింది ఐదో తరగతి. ఈ అడిగే పని ఆమె కోరి నెత్తికెత్తుకున్నది కాదు. ఆరేళ్ల కిందట తిప్పయ్య చేలో పచ్చగా ఉన్న వేరుశనగ ఉన్నట్టుండి ఎండిపోసాగింది. నాలుగు రోజులు పట్టు వదలకుండా చేస్తే రేడియోకు ఫోను కలిసింది. తీరా అవతలి నుంచి "నమస్కారం, చెప్పండి" అనేసరికి తిప్పయ్యకు నాలుక పిడచకట్టుకుపోయింది. ఎదురుగా బియ్యం ఏరుతున్న తిమ్మక్క చూసి చూసి ఫోను లాక్కుంది. ఏ నేల, ఏ విత్తనం, ఎప్పుడు వేసింది, ఎండటం ఎట్లా మొదలైంది, గడగడా చెప్పేసింది. వ్యవసాయం సారు ఒక చెట్టు పీకి వేరు చూడమన్నారు. వేరుకు తెల్ల పురుగు. ఏ మందు వేయాలో ఆయన చెప్పారు, తిప్పయ్య వేశాడు, సగం పంట దక్కింది.

ఆ రోజు నుంచి ఊళ్లో ప్రశ్నలన్నీ తిమ్మక్క గుమ్మానికే వచ్చి పడ్డాయి. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిన ముసలాయన, బ్యాంకు వాళ్లమంటూ ఫోనులో నంబరు అడిగారని భయపడ్డ చీటీల లక్ష్మీదేవి, ఎక్కడో దేశాల మధ్య యుద్ధమైతే మన అంగట్లో నూనె ధర ఎందుకు పెరగాలని మండిపడే లక్ష్మీపతి, అందరూ ఆమె దగ్గరికే. ఆమె ఏదీ కలపదు, ఏదీ తగ్గించదు. చెప్పింది అర్థం కాకపోతే ఎంతటివారినైనా వదలదు. "సార్, మీరు ఇంగ్లీషులో చెప్పినారు. మా గంగక్కకు చెప్పినట్ల చెప్పండి" అంటుంది. లెక్చరరుగారు ఒకసారి నవ్వాపుకోలేక, "అమ్మా, ఈ ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు, కనుక్కుని వచ్చే గురువారం చెబుతా" అన్నారు. చెప్పారు కూడా. తిమ్మక్కకు ఆ మనిషి మీద గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

తిమ్మక్క రేడియోలో చెప్పిన ఆ గంగక్క ఆమె పక్కింటి మనిషి. అరవై దాటాయి, రెండు ఎనుములున్నాయి, ఊళ్లో పదిహేను ఇళ్లకు పాలు పోస్తుంది. నోటికి అడ్డూ అదుపూ లేదు.

పోయిన వానాకాలంలో ఒకరోజు బడి దగ్గర సాంబారు గిన్నె దించి, చేతులు కడుక్కుంటూ తిమ్మక్క తన ఎడమ మణికట్టు చూసుకుంది. ఇంత పొడుగున బొబ్బ లేచి ఉంది. ఎప్పుడు కాలిందో తెలియలేదు. కాలినట్టే తెలియలేదు. ఆ చోట కొన్నాళ్లుగా రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది, ఎండకు వచ్చిందిలే అనుకుంది. ఇంటికి పోయి చీపురుపుల్లతో గుచ్చింది. ఇంకా గట్టిగా గుచ్చింది. నొప్పి లేదు.

వేరే ఎవరైనా అయితే అదేమిటో తెలియక నిమ్మళంగా ఉండేవాళ్లేమో. తిమ్మక్క రేడియో వినే మనిషి. స్పర్శ లేని మచ్చ గురించి డాక్టర్ ఇంద్రాణి రెండేళ్ల కిందట చెప్పిన ప్రతి మాటా ఆమెకు గుర్తుంది. మందుంది, నయమవుతుంది, ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి. ఇదంతా తెలిసి కూడా ఆమె కాళ్లు ఆసుపత్రి వైపు కదల్లేదు. ఊళ్లో కుష్ఠును పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. అరవై మంది పిల్లలకు అన్నం పెట్టే చేతికి పెద్దరోగమని తెలిస్తే ఆ గరిటె ఆమె చేతిలో ఒక్క పూట ఉంటుందా? ఆ వంట పోతే ఆమెకు ఇంకేముంది?

నెల రోజులు రవిక చేతులు పొడుగ్గా కుట్టించుకుని తిరిగింది. చివరికి ఒక శుక్రవారం ధైర్యం చేసి, తలుపు గడియ పెట్టుకుని ఫోను కలిపింది.

"మేడం, ఈ ప్రశ్న నాది గాదు. మా పక్కింటామెది."

రోగాల సంగతి అడిగేటప్పుడు ఎవరైనా అనే మాటే అది. రేడియోకు ఫోను చేసేవాళ్ల పక్కింటివాళ్లకు లేని జబ్బంటూ లేదు. తిమ్మక్కా అదే అంది. మచ్చ సంగతి, పుల్ల సంగతి, కాలినా తెలియని సంగతి తడుముకోకుండా చెప్పింది. డాక్టరమ్మ పక్కింటామె పేరూ వయసూ అడగలేదు.

"తిమ్మక్కా, మీ పక్కింటామెను భయపడొద్దని చెప్పండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి, మందు ఉచితం. ఇలాంటి ఒక్క మచ్చ రకం ఒకరి నుంచి ఒకరికి అంటడం చాలా అరుదు. మందు మొదలుపెడితే ఆ భయమూ లేదు. ఆమె తన పని తాను చేసుకోవచ్చు, ఏ పనైనా సరే. ఇంకో మాట. ఆమెను ఒంటరిగా పంపొద్దు. మీరూ వెళ్లండి."

తిమ్మక్క ఫోను పెట్టేసి గోడకానుకుని కూర్చుంది. గుండె మీది బండ దిగినట్టుంది. అప్పుడు తట్టింది అసలు సంగతి. వీధిలో ఆమెది చివరి ఇల్లు. ఒకవైపు గంగక్క ఇల్లు, ఇంకోవైపు కంది చేను. ఆమెకు పక్కింటామె అంటూ ఉన్నది భూమ్మీద ఒక్కతే!

తలుపు దబదబా మోగింది. గడియ తీస్తే చేతిలో పాల చెంబుతో గంగక్క.

"ఏం మే, నాకు యాడుండాదే మచ్చ? ఊరంతా ఇనిందే! ఆ తిప్పయ్య అప్పుడే నన్ను చూసి పక్కకు తప్పుకుని పోయినాడు!"

తిమ్మక్క ఎడమ చెయ్యి కొంగు కిందికి పోయింది. ఊరందరి తరఫున మాట్లాడే మనిషి తలవంచుకుని నిలబడటం గంగక్క ఎన్నడూ చూడలేదు. చెంబు కింద పెట్టి, తిమ్మక్క రవిక చెయ్యి పైకి లాగింది. మచ్చ మీద గోటితో నొక్కింది.

"తెలుస్తాందా?"

"లేదక్కా."

గంగక్క రవిక చెయ్యి మళ్లీ కిందికి లాగి సర్దింది.

"రేపు పొద్దున బస్సుకు కుందుర్పికి పోదాం. రోగం నాది, నువ్వు తోడు. ఎవురన్నా అడిగితే అదే చెప్పు."

"వద్దక్కా, నీకెందుకీ అపనింద..."

"గమ్మునుండు. నాకు ఎనుములుండాయి. నీకు ఆ గరిటె తప్పితే ఏముండాది?"

ఆసుపత్రిలో డాక్టరు తిమ్మక్క మచ్చను దూదితో తాకి, పెన్ను మొనతో నొక్కి చూసి, అదేనని తేల్చాడు. ఆరు నెలలు మందు. మొదటి మాత్రలు తన ఎదుటే వేయించాడు. ఊరి ఆశా కార్యకర్త రెబెకాకు మాత్రం నిజం తెలుసు. ఆమె నెలనెలా మాత్రల అట్ట తెచ్చి గంగక్క ఇంట్లో ఇచ్చేది, తిమ్మక్క అక్కడికి పోయి మింగేది. రెబెకా నోరు జారలేదు. ఆ ముగ్గురు ఆడవాళ్లు ఆ రహస్యాన్ని దాచినట్టు ఊళ్లో ఇంకెవరూ ఏదీ దాచి ఉండరు.

కానీ గంగక్క మాట తేలిగ్గా అన్నదే తప్ప, మోయడం తేలిక కాలేదు. పాలు పోయించుకునే పదిహేను ఇళ్లు వారం తిరిగేలోపు మూడయ్యాయి. మిగిలిన పాలు తోడేసి, నెయ్యి కాచి, ఆటోలో కుందుర్పికి మోసుకుపోయి అమ్మేది. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే తక్కిన బిందెలు జరిగేవి. "జరగండి, జరగండి, నా బిందెకే జాగా ఎక్కువయింది" అని నవ్వేది. ఇంటికొచ్చాక నవ్వేది కాదు. తిమ్మక్క మచ్చ మాత్రం నెలనెలా మానుతోంది. అందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో ఆమెకు తెలియలేదు. అన్నం గరిటె పట్టుకున్నప్పుడల్లా, ఇది గంగక్క పెట్టిన కూడు అనిపించేది.

నాలుగో నెలలో అదే వీధిలోని నందిని బిడ్డకు నామకరణం. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చారు. గంగక్కకు మాత్రం కాగితం కప్పులో. ఆమె తాగింది, కప్పును నలిపి ఎక్కడా పారేయకుండా కొంగున ముడేసుకుంది. తాను తాగిన కప్పు ఈ వాకిట్లో పడితే తీసేవాళ్లుండరని ఆమెకు తెలుసు. ఎదురుగా తిమ్మక్క చేతిలో స్టీలు గ్లాసుంది. తాగకుండానే ఆ గ్లాసు కింద పెట్టేసింది.

అది శుక్రవారమే. ఐదు గంటలకు ఫోను పట్టుకుంది. ఈసారి తలుపు గడియ పెట్టలేదు.

"మేడం, నా పేరు తిమ్మక్క. నల్లబండపల్లె. ఈ ప్రశ్న నాదే మేడం." తెరిచిన తలుపు వైపు చూస్తూ చెప్పుకుపోయింది. "నాలుగు నెల్ల కింద మా పక్కింటామెకు మచ్చ ఉండాదని అడిగితి. మా గంగక్కకు ఏ మచ్చా లేదు. ఉండేది నాకు. ఆయమ్మ నా కోసరం తన మీద ఏసుకునింది. నేను బడిలో పిల్లోళ్లకు వండుతా. నా బతుకు పోతాదని భయపడితి. మా ఊరోళ్లు ఇంటాండారు. ఇప్పుడు నేను వండొచ్చునా, కూడదా, మీరే చెప్పండి. మీరు కూడదంటే రేపే మానుకుంటా."

డాక్టరమ్మ వెంటనే అందుకుంది. "ఆ రోజే నాకు అర్థమైంది తిమ్మక్కా. మీరు వండొచ్చు. నాలుగు నెలలుగా మందు వేసుకుంటున్నారు, మీ వల్ల ఎవరికీ ఏ భయమూ లేదు." ఆ తర్వాత పది నిమిషాలు ఇంకో ఫోను తీసుకోకుండా, నల్లబండపల్లె వాళ్లతో ముఖాముఖి మాట్లాడుతున్నట్టు, రోగం ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో, మనిషిని వెలేస్తే ఏమవుతుందో ఓపిగ్గా చెప్పింది.

"మీకు దండాలు మేడం" అంది తిమ్మక్క. ఆరేళ్లలో ఇరవై మంది నిపుణులకు ఆ మాట చెప్పింది. అంత నిండుగా ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున వంటగది తాళంచెవి కొంగున కట్టుకుని బడికి పోయింది, హెడ్మాస్టరు విజయభాస్కర్ చేతికి ఇచ్చేద్దామని. ఆయన తీసుకోలేదు. "ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నానమ్మా. పొయ్యి వెలిగించు" అన్నాడు. పదకొండయ్యేసరికి బడి వాకిట్లో పాతిక మంది పోగయ్యారు. పిల్లల రెక్కలు పట్టుకుని నిలబడ్డారు. తిమ్మక్క గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముందుగా నందిని కదిలింది. మూడో తరగతి చదివే పెద్దకూతురిని పళ్లెంతో సహా వరసలో నిలబెట్టింది.

"ఊర్లో అందరి ప్రశ్నలూ అడిగితివే. నీది అడిగేదానికి ఇన్ని దినాలు పట్టిందా నీకు?" అంది, ఏడుపు గొంతుతో కోపంగా.

రెండు ఇళ్లవాళ్లు మాత్రం పిల్లలకు నెల రోజులు క్యారియర్లు పంపారు. తర్వాత వాళ్లూ మానేశారు.

ఆ శనివారం సాయంత్రమే గంగక్క వాకిట్లో, తిమ్మక్క ఇంటిది తప్ప, పద్నాలుగు చెంబులు వరసగా కనబడ్డాయి. అందరికంటే ముందు తిప్పయ్య. "అక్కా, తప్పయిపోయింది" అన్నాడు నేల చూస్తూ. గంగక్క వాళ్లనెవరినీ పలకరించలేదు. పిండిన పాలు పొయ్యి మీద పెట్టి, వాళ్లందరినీ అలాగే నిలబెట్టి, కాగిన పాలు స్టీలు గ్లాసులో పోసుకుని తిమ్మక్క ఇంటికి నడిచింది.

గుమ్మంలోనే తిమ్మక్క ఆమె కాళ్ల మీద పడబోయింది. గంగక్క రెక్క పట్టి లేపింది.

"నీ మేలు నేను..."

"మేలూ లేదు, గీలూ లేదు. తాగు, చల్లారిపోతాది. ఆడ పద్నాలుగు మంది నిలబడుకోనుండారు."

తిమ్మక్క తాగింది. సగంలో గ్లాసు దించి, మిగిలిన సగం గంగక్క చేతికిచ్చింది. పక్క వాకిట్లోంచి పద్నాలుగు మందీ చూస్తుండగా, ఆ ఎంగిలి గ్లాసు ఎత్తి గంగక్క చివరి చుక్క దాకా తాగింది.