నిద్రపోయే వేపచెట్టు

హైదరాబాద్ ఖాజాగూడలో బాలమణి ఇంటి ముందున్న వేపచెట్టు ఆమె నాటి, నీళ్లు మోసి పెంచినది. చుట్టూ అద్దాల మేడలు లేచినా ఆ చెట్టుకు ఆమె పెట్టిన కట్టడి మారలేదు. పళ్లు తోముకునే పుల్లకైనా, మందుకు ఆకైనా పొద్దున్నే రావాలి. పొద్దుగూకాక ఎవరైనా చెయ్యి చాస్తే గయ్యిమనేది. "చెట్టు పండుకున్నది, కనవడ్తలేదా?"

మొన్న పైగదిలో కిరాయికుండే రేఖకు అమ్మవారు పోసింది. కాకినాడ నుంచి వచ్చిన ఐటీ పిల్ల. డాక్టరు మందులిచ్చినా దురద తగ్గలేదు. దీపాలు పెట్టే వేళ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"కాసిని వేపాకులు ఇవ్వండి ఆంటీ. పొద్దుటిదాకా ఓర్చుకోలేనండి."

బాలమణి కాసేపు చెట్టు వైపే చూసింది. తర్వాత దగ్గరికి వెళ్లి మాను మీద మెల్లగా తట్టింది.

"తల్లీ, జర లెవ్వు. పిల్ల పరేషాన్ అయితున్నది."

లేత రెమ్మలు తుంచి, వాటితో రేఖ ఒళ్లంతా నిమిరి, పక్క మీద ఆకులు పరిచింది. పిల్ల నిద్రపోయింది.

తెల్లవారి పుల్ల కోసం వచ్చిన పక్కింటి చంద్రయ్యను బాలమణి గేటు దగ్గరే ఆపేసింది.

"ఇయ్యాల పుల్ల లేదన్నా. రాత్రి దానికి నిద్ర లేదు."