టైపు సారు చివరి ఉత్తరం

మదనపల్లెలో మా టైపు సారు పోయారు. కర్మలన్నీ అయ్యాక ఆయన కూతురు ఫోన్ చేసింది. "నీ పేరున ఒక ఫైలు ఉండాదన్నా, వచ్చి తీసుకుపో" అంది. ఏడుపు కంటే ముందు నాకు భయమే వచ్చింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

తొంభైల చివర్లో నేను టమాటా విత్తనాల కంపెనీ తరఫున పుంగనూరు, కుప్పం అంగళ్లన్నీ తిరిగేవాణ్ణి. ఉన్నట్టుండి ఉద్యోగం పీకేశారు. చేతి నుంచి పెట్టుకున్న మూడు నెలల బస్సు చార్జీలు, లాడ్జి బాడుగలు మాత్రం ఇవ్వలేదు. సార్ దగ్గరికి పోయి మొత్తుకున్నాను.

"టికెట్లు యాడ?" అన్నారు.

"సగం పారేసినాను సార్."

"బాగుండాది సంబడం! కాళ్లరిగేలా తిరిగితే సాలదప్పా, కాగితం ఉండాల."

నేను వచ్చి పోయినట్టు అంగళ్లవాళ్లతో సంతకాలు పెట్టిస్తే చాలన్నారు. ఉద్యోగం పోయిన మొహం వాళ్లకెలా చూపించను? నేల చూపులు చూశాను. మర్నాడు టైపు ఇన్‌స్టిట్యూట్‌కు తాళమేసి సారే బస్సెక్కారు. కుప్పం నుంచి తిరిగొచ్చి బస్సు దిగేసరికి ఆయన పాదాలు వాచిపోయి ఉన్నాయి. సంతకాల కాగితం మాత్రం నలగలేదు. ఆ రోజే కంపెనీకి ఉత్తరం టైపు చేసి, కార్బన్ నకలు ఫైల్లో పెట్టారు.

రెండు నెలలకు డబ్బొచ్చింది. సార్‌కు బస్సు చార్జీలన్నా ఇవ్వాలి కదా! అప్పులకే చాలదని, "వచ్చిందాప్పా?" అని అడిగితే "ఇంకా లేదు సార్" అనేశాను. నా నోరు పడిపోను! "యాల ఇయ్యరో సూద్దాం" అని పట్టుదలగా, తన స్టాంపులతోనే, ఇంకో రెండు ఉత్తరాలు రాశారు. తర్వాత అడగడం మానేశారు. విసుగొచ్చిందిలే, బతికిపోయాననుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడు ఎదురుపడినా "టీ తాగి పోప్పా" అనేవారు. పని ఉందని తప్పించుకునేవాణ్ణి.

మొన్న వాళ్ల వరండాలో కూర్చుని ఫైలు విప్పాను. డబ్బు ఎప్పుడో చెల్లించామని కంపెనీ రాసిన జవాబు ఉంది. దాని కింద సార్ ఆఖరి ఉత్తరం నకలు.

"అయ్యా, సొమ్ము ముట్టిన సంగతి కనుక్కోకుండా తమరిని ఇబ్బంది పెట్టినాను. పొరపాటు నాది, పిల్లవానిది కాదు. మన్నించగలరు."

కూతురు గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. "నువ్వొస్తే టీ తాపకుండా పంపొద్దని నాయన చెప్పినాడన్నా."

ఆమె లోపలికి పోయింది. ఫైలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. టీ మీద మీగడ కట్టింది.