పుట్టింటికి పంపిన చేప

చిత్రావతి మడుగులో తోటాలు పేల్చి చేపలు పట్టనని మా ఓబులేసు చిన్నాయన అవ్వకు మాటిచ్చి తప్పాడు. నిన్న ధర్మవరం బజారులో గాలం కనబడితే గుర్తొచ్చింది.

వెదురు కర్ర, జొన్న బెండు, సంగటి ఎర. అరవైలలో పెరిగిన మీకూ తెలిసినవే. గుడ్లతో ఉన్న చేప పడితే అవ్వ మళ్లీ నీళ్లలో వదిలించేది.

"నిండు చూలాలప్పా, పుట్టింటికి పంపు."

"మరి కూరకేమవ్వా?"

"చింతాకు ఉండాది లే."

నీళ్లకు మర్యాద ఇవ్వడం నేర్పిన ఆమెకు ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మాటిచ్చిన ఆ వానాకాలమే చిన్నాయన తోటా పేల్చాడు. చూలు చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

"నాలుగు చేపలకే ఏడుస్తాండావేమబ్బా?" అని నన్ను ఎగతాళి చేశాడు.

అవ్వ మళ్లీ గాలం పట్టలేదు. పోయినవాళ్లను క్షమించమని ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఓబులేసు చిన్నాయనను మాత్రం క్షమించను.